జగదల్‌పూర్ దస్త్రాలలో ప్రవీర్ చంద్ర
ఒక శాసనసభ్యుని రాజకీయ జీవితం, ఆయనను గురించి మిగిలిన కాగితాలు

జగదల్‌పూర్ పట్టణం ఇంద్రావతీ నది ఒడ్డున ఉన్నది. విజయనగరం నుండి కోరాపుట్ మీదుగా రాయపూర్ వెళ్ళే రహదారి ఈ పట్టణం గుండా సాగుతుంది. విశాఖపట్నం సమీపాన గల కొత్తవలస నుండి అరకు లోయ మీదుగా బైలాడిలా ఇనుప గనులకు వేసిన రైలు మార్గంలో ఇది ముఖ్యమైన స్టేషను. పట్టణ మధ్యంలో రాజప్రాసాదం, దాని ద్వారం వద్ద దంతేశ్వరీ దేవి ఆలయం కనిపిస్తాయి. ఇక్కడి ప్రభుత్వ స్నాతకోత్తర కళాశాల పేరు కాకతీయ కళాశాల. ఓరుగల్లు నుండి ఎంతో దూరాన, గోదావరికి ఆవలి అడవుల నడుమ ఈ పేరు వినిపించడం తెలుగువారికి ఒకింత ఆశ్చర్యం, ఒకింత ఆత్మీయత కలిగించే విషయం.

బస్తర్ సంస్థానపు చివరి పాలకుడు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న ఇదే ప్రాసాదంలో పోలీసు కాల్పులలో మరణించాడు. నాటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు. కాకతీయ వంశపు చివరి రాజుగా ఆయనను తెలుగునాట ఎందరో స్మరిస్తారు. ఆదివాసులకు ఆయన దంతేశ్వరీ దేవి ప్రధాన పూజారి, దేవతాంశ గల మహారాజు. ఈ రెండు కీర్తుల చాటున మూడవ విషయం ఒకటి మరుగుపడినది. ఆయన ప్రజలు ఎన్నుకొన్న శాసనసభ్యుడు. తరువాతి ఎన్నికలలో ఒక జిల్లా ప్రాతినిధ్యాన్ని దాదాపు మొత్తంగా ప్రభావితం చేసిన నాయకుడు. ఆయన రాజకీయ జీవితం ప్రభుత్వ దస్త్రాలలో విస్తారంగా నమోదైనది. అయితే ఒక్కొక్క దస్త్రంలో ఆయన ఒక్కొక్క పేరుతో కనిపిస్తాడు. మైనరు, పాలకుడు, భూస్వామి, వార్డు, సభ్యుడు, నిర్బంధితుడు, చివరకు మృతుడు. ఈ పేర్లను వరుసగా చదివితే బస్తర్ ఆదివాసుల అర్జీ ఏ ద్వారం వద్ద ఆగిపోయినదో కొంతవరకు బోధపడుతుంది.

శిలపై వ్రాసిన వంశావళి

ఈ వంశానికి సంబంధించిన అతి ముఖ్యమైన ఆధారం కాగితం కాదు, శిల. దంతేవాడలోని 1703 నాటి దిక్పాలదేవుని శాసనం రాజవంశపు పుట్టుకను ఓరుగల్లుతో ముడిపెట్టినది. 1323లో ఉలూగ్ ఖాన్ దండయాత్రతో కాకతీయ రాజ్యం పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లును విడిచి బస్తర్ చేరి రాజ్యం స్థాపించినట్లు ఈ శాసనం తెలుపుతున్నది. శాసనం వేయించిన కాలానికి, ఆ సంఘటన జరిగిన కాలానికి మధ్య 380 సంవత్సరాల వ్యవధి ఉన్నది. కాబట్టి చరిత్రకారులు దీనిని సమకాలీన సాక్ష్యంగా గాక, 18వ శతాబ్ది ఆరంభంలో ఆ రాజవంశం తనను గురించి తాను చెప్పుకొన్న కథనంగా పరిగణించడం సముచితం. అయినప్పటికీ ఆ కథనం ప్రజల నమ్మకంలో బలంగా నాటుకొన్నది. దేవి రాజు వెంట ఓరుగల్లు నుండి నడిచి వచ్చినదనీ, ఆమె అనుమతితోనే రాజు పాలిస్తాడనీ బస్తర్‌లో ప్రతీతి. దక్షిణాన కోంటా, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది.

బస్తర్‌లో రాజుకు, ఆదివాసులకు మధ్య గల బంధాన్ని కేవలం భక్తిగా తలచరాదు. ఆ బంధంలో అర్జీకి, అవసరమైతే తిరుగుబాటుకు కూడా స్థానమున్నది. 1876లో భైరమదేవుని కాలంలో దివాను, అతని ఉద్యోగుల దౌర్జన్యాలపై మురియాలు తిరుగబడి జగదల్‌పూర్‌ను ముట్టడించారు. ఆ సంవత్సరమే అధికారులు మాంఝీలను సమావేశపరచి వారి ఫిర్యాదులను ఆలకించిన సభ తరువాత దసరా ఉత్సవంలో ‘మురియా దర్బారు’గా స్థిరపడినది. 1910లో అటవీ రిజర్వుల ఏర్పాటు, వెట్టి చాకిరీ మొదలైన వాటికి వ్యతిరేకంగా గుండాధూర్ పేరుతో ప్రసిద్ధమైన ‘భూమ్‌కాల్’ తిరుగుబాటు జరిగినది. ఫిర్యాదు వినే చోటు మూసుకుపోయినపుడల్లా బస్తర్ విల్లు ఎక్కుపెట్టినదని ఈ రెండు ఘట్టాలు తెలుపుతాయి.

మైనరు నుండి పాలకుడు

1921లో రుద్రప్రతాపదేవుడు పురుష సంతానం లేక మరణించగా ఆయన కుమార్తె ప్రఫుల్ల కుమారీ దేవి గద్దెనెక్కినది. ఆమె భర్త ప్రఫుల్ల చంద్ర భంజ్‌దేవ్ ఒరిస్సాలోని మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందినవాడు. వారి కుమారునికి కాకతీయ, భంజ్‌దేవ్ అనే రెండు పేర్లు ఆ విధంగా సంక్రమించాయి. ప్రవీర్ చంద్ర 1929 జూన్ 25న జన్మించాడు. తల్లి 1936లో లండనులో శస్త్రచికిత్స అనంతరం మరణించడంతో బాలుడైన కుమారుడు మహారాజు అయ్యాడు. పరిపాలన బ్రిటిషు అధికారుల చేతిలో ఉండగా ఆయన దస్త్రాలలో ‘మైనరు’గానే పెరిగాడు.

పూర్తి అధికారాలు ఆయనకు 1947లో సంక్రమించాయి. అవి నిలిచినది కొద్ది నెలలు మాత్రమే. ఆ రోజులలో బైలాడిలా ఖనిజ సంపదపై హైదరాబాదు సంస్థానం ఆసక్తి చూపడం, కౌలు సంప్రదింపులు నడవడం సర్దార్ పటేల్‌కు ఆందోళన కలిగించిన సంగతి సంస్థానాల విలీన చరిత్రలో ప్రస్తావితమైనది. 1947 డిసెంబరు 15న నాగపూర్‌లో ఛత్తీస్‌గఢ్ పాలకులతో పటేల్ సమావేశమయ్యారు. తత్ఫలితంగా 1948 జనవరి 1 నుండి బస్తర్ సెంట్రల్ ప్రావిన్సులలో విలీనమైనది. విలీన ఒప్పందం స్వభావరీత్యా ప్రభుత్వానికి, పాలకునికి మధ్య జరిగిన పత్రం. అధికారాల బదిలీ, రాజభరణం, స్వంత ఆస్తులు, బిరుదులు, వారసత్వం అందులోని అంశాలు. అడవిపై, భూమిపై, వేటపై, చెరువుపై గ్రామస్థుల వాడుక హక్కులకు అటువంటి పత్రంలో చోటు ఉండదు. తరువాతి రెండు దశాబ్దాల ఘర్షణకు బీజం ఇక్కడ ఉన్నది. తనకు దక్కవలసిన ఆస్తిని గురించి మహారాజు పోరాడాడు. తమ అడవిని గురించి ఆదివాసులు పోరాడారు. ఈ రెండు పోరాటాలు ఒకే రాజప్రాసాదం వద్ద కలిసిపోయాయి.

వయోజనుడైన వార్డు

1953లో ప్రభుత్వం ఆయన ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నిర్వహణలోనికి తీసుకొన్నది. మైనర్లు, మతిస్థిమితం లేనివారు, ఆస్తిని నిర్వహించుకొనే సామర్థ్యం లేనివారని నిర్ణయింపబడినవారు మొదలైన భూస్వాముల ఎస్టేటులను ప్రభుత్వం తన సంరక్షణలో ఉంచుకొని నడపడం ఈ వ్యవస్థ పద్ధతి. వార్డు తన ఆస్తిపై అప్పు చేయలేడు, దానిని అమ్మలేడు. అధికారి నిర్ణయించిన భత్యంతో జీవించాలి. తన వద్దకు వచ్చిన ఆదివాసులకు ధనం పంచిపెట్టే ప్రవీర్ చంద్ర అలవాటు అధికారుల దృష్టిలో దుబారా. ఆదివాసుల దృష్టిలో అది రాజధర్మం. ఒకే చర్యకు రెండు భాషలలో రెండు అర్థాలు ఏర్పడగా దస్త్రంలో నమోదైనది మొదటి అర్థమే. ఈ సంరక్షణ 1963 వరకు సాగినది.

ఆస్తి విషయంలో ఆయన న్యాయస్థానాలను కూడా ఆశ్రయించాడు. 1950 నాటి మధ్యప్రదేశ్ యాజమాన్య హక్కుల రద్దు చట్టం మాజీ పాలకుని గ్రామాలకు వర్తించునా అన్న వ్యాజ్యం సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళినది. ఆయన వాదన నెగ్గలేదు. 1961 నాటి న్యాయ నివేదికలలో కనిపించే ఆ కేసు శీర్షికలో వాది పేరు చివర ‘కాకతీయ’ అనే మాట ఉన్నది. ఓరుగల్లు పతనమైన ఆరు శతాబ్దాల తరువాత ఆ వంశనామం స్వతంత్ర భారత న్యాయస్థానంలో భూసంస్కరణల వ్యాజ్యంలో వినిపించడం చరిత్రలోని వింతలలో ఒకటి.

సభలో స్థానం

1955 ప్రాంతంలో ఆయన ఆదివాసీ రైతు కూలీల సంఘాన్ని స్థాపించి గ్రామాల మద్దతు కూడగట్టాడు. ఆ పలుకుబడిని గమనించిన కాంగ్రెసు పార్టీ 1957 సార్వత్రిక ఎన్నికలలో ఆయనను తన అభ్యర్థిగా నిలిపినది. ప్రవీర్ చంద్ర జగదల్‌పూర్ నుండి గెలిచి, అంతకు ముందరి సంవత్సరమే ఏర్పడిన కొత్త మధ్యప్రదేశ్ రాష్ట్రపు శాసనసభలో ప్రవేశించాడు.

నాటి బస్తర్ జిల్లా వైశాల్యంలో కేరళ రాష్ట్రం కంటె పెద్దది. రాజధాని భోపాల్ అతి దూరం. అటువంటి జిల్లాకు శాసనసభలో ఒక స్థానమంటే సామాన్య విషయం కాదు. సభలో సభ్యుడు ఒక ప్రశ్న వేస్తే మంత్రి సమాధానం చెప్పవలసి ఉంటుంది. ఆ సమాధానం కోసం సచివాలయం కలెక్టరును నివేదిక అడుగుతుంది; కలెక్టరు తహసీల్దారును, తహసీల్దారు పట్వారీని అడుగుతారు. ఆ విధంగా ఒక మారుమూల పల్లె చెరువు తగాదా, చెట్టు ధర తగాదా రాష్ట్ర రికార్డులోకి ఎక్కుతుంది. ఒకసారి రికార్డుకు ఎక్కిన మాటను తరువాతి ప్రభుత్వం కూడా విస్మరించడం తేలిక కాదు. దర్బారులో విన్న ఫిర్యాదు రాజుగారి జ్ఞాపకంలో నిలుస్తుంది. సభలో విన్న ఫిర్యాదు ముద్రిత సంపుటంలో నిలుస్తుంది.

ఆ రోజులలో సభ దృష్టికి రావలసిన విషయాలకు బస్తర్‌లో కొదవ లేదు. రైతుల స్వంత భూములలోని టేకు మొదలైన చెట్లపై వారికి హక్కు లభించగా, కలప వ్యాపారులు ఆ చెట్లను కారుచౌకగా కొని తరలించుకుపోయారు. ‘మాలిక్ మక్బూజా’ పేరుతో ప్రసిద్ధమైన ఈ వ్యవహారం ఎంత తీవ్రమైనదంటే, చెట్లపై ఆదివాసుల ప్రయోజనాలను కాపాడడానికి 1956లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది. అయినా దోపిడీ ఆగలేదు. 1958లో తూర్పు పాకిస్తాన్ శరణార్థుల పునరావాసానికై దండకారణ్య ప్రాజెక్టు బస్తర్, కోరాపుట్ ప్రాంతాలలో ప్రారంభమైనది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ద్వారా ఎగుమతి చేసే పథకం రూపు దిద్దుకొన్నది.

ఇటువంటి దశలో ప్రవీర్ చంద్ర తన పదవీకాలం పూర్తి కాకముందే శాసనసభ స్థానాన్ని వదులుకొన్నాడు. ఎస్టేటు పునరుద్ధరణ విషయమై ప్రభుత్వంతో, పార్టీతో విభేదాలు ముదరడం ఇందుకు కారణం. ఈ నిర్ణయాన్ని ఆయన అభిమానులు ఆత్మగౌరవంగా, విమర్శకులు స్వార్థంగా వర్ణించారు. బస్తర్ ఆదివాసుల వైపు నుండి చూచినపుడు దీని ఫలితం ఒకటే. తమ మహారాజు, తమ శాసనసభ్యుడు ఒకే వ్యక్తిగా ఉన్న కాలం ముగిసినది. సభ ఒక ప్రక్క, ప్రాసాదం మరొక ప్రక్క నిలిచిపోయాయి.

1961: మూడు కాగితాలు

1961 ఫిబ్రవరిలో రెండు ఉత్తర్వులు వెంటవెంటనే వెలువడ్డాయి. మొదటిది నివారక నిర్బంధ చట్టం క్రింద అరెస్టు. రెండవది రాజ్యాంగం 366వ అధికరణంలోని 22వ ఖండాన్ని అనుసరించి పాలకునిగా ఆయన గుర్తింపును రద్దు చేస్తూ, ఆయన తమ్ముడు విజయ్ చంద్ర భంజ్‌దేవ్‌ను గుర్తించిన రాష్ట్రపతి ఉత్తర్వు. రాజ్యాంగ పరిభాషలో ‘పాలకుడు’ అంటే రాష్ట్రపతి గుర్తించిన వ్యక్తి. గుర్తింపు తొలగిన మరుక్షణం పాలకుడు మారతాడు. ఆదివాసుల నమ్మకంలో రాజును గుర్తించేది దంతేశ్వరి. ఢిల్లీ ఉత్తర్వు బస్తర్ పల్లెలలో ఎవరికీ అర్థం కాకపోవడానికి కారణం నిరక్షరాస్యత మాత్రమే కాదు. అధికారం ఎక్కడి నుండి వస్తుందన్న విషయంలోనే ఇరువురి భావనలు వేరు.

అదే సంవత్సరం మార్చి 31న జగదల్‌పూర్‌కు పడమట చిత్రకోట జలపాతం వైపు దారిలో ఉన్న లోహండీగూడ వద్ద, మహారాజును విడుదల చేయాలని వేలాది ఆదివాసులు గుమిగూడగా పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా మరణించారు. ఈ కాల్పుల నివేదిక ఆ ఏటి మూడవ కాగితం. కొద్ది నెలలలోనే విడుదలైన ప్రవీర్ చంద్ర ఈ ఘటనపై ‘లోహండీగూడ తరంగిణి’ అనే గ్రంథం రచించాడు.

ప్రభుత్వ ఉత్తర్వులకు ప్రజల సమాధానం 1962 ఎన్నికలలో వచ్చినది. ఆయన మద్దతు పొందిన స్వతంత్ర అభ్యర్థులు బస్తర్ జిల్లాలో అత్యధిక స్థానాలు గెలుచుకొన్నారు. గుర్తింపు కోల్పోయిన రాజుకు బ్యాలెట్ పెట్టె ద్వారా గుర్తింపు లభించినది. అయితే ఇక్కడ ఒక లోపాన్ని కూడా గమనించాలి. గెలిచినవారు మహారాజు మనుషులుగా గెలిచారు. పార్టీ యంత్రాంగం, కార్యక్రమ పత్రం, సభా వ్యవహారాలలో శిక్షణ వారికి లేవు. ఒక వ్యక్తి ప్రభావం నుండి పుట్టిన ప్రాతినిధ్యం ఆ వ్యక్తి తరువాత నిలువలేదు. ప్రవీర్ చంద్ర ఆదివాసులకు గొంతు ఇచ్చాడనడం ఎంత సత్యమో, ఆ గొంతు తన ప్రాసాదం వెలుపల స్వతంత్రంగా పలికే సంస్థను నిర్మించలేదనడం కూడా అంతే సత్యం.

1966 మార్చి

1965–66 దేశమంతటా అనావృష్టి, ఆహార కొరత నెలకొన్న కాలం. ధాన్యం లెవీ వసూలు బస్తర్‌లో తీవ్ర అసంతృప్తికి కారణమైనది. ఆదివాసులు తండోపతండాలుగా జగదల్‌పూర్ రాజప్రాసాదానికి రాసాగారు. ద్వారకా ప్రసాద్ మిశ్రా అప్పటి ముఖ్యమంత్రి. మార్చి 25న ప్రాసాద ప్రాంగణంలో ఉన్న ఆదివాసులకు, పోలీసులకు మధ్య ఘర్షణ జరిగి అది కాల్పులకు దారితీసినది. బాణాలకు తుపాకులకు మధ్య జరిగిన ఆ పోరులో, అధికార లెక్క ప్రకారం, ప్రవీర్ చంద్రతో కలిపి 12 మంది మరణించారు. పోలీసులు 61 తూటాలు పేల్చారు. మృతుల సంఖ్య ఇంతకంటె చాలా ఎక్కువని బస్తర్ ప్రజలు నేటికీ విశ్వసిస్తారు.

హైకోర్టు న్యాయమూర్తి కె.ఎల్. పాండే అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పాటైనది. విచారణ సంఘాల చట్టం ప్రకారం ఇటువంటి సంఘం సాక్ష్యం సేకరించి అభిప్రాయం చెప్పగలదే గాని శిక్ష విధించలేదు. సాక్షులను పేరు పేరునా పిలిచి వారి మాటను నమోదు చేయడం ఇటువంటి విచారణల ప్రత్యేక ప్రయోజనం. జిల్లా దస్త్రాలలో ‘గుంపు’గా మాత్రమే కనిపించే మనిషికి అక్కడ పేరు, ఊరు, మాట లభిస్తాయి. అయితే ఆ మాట నమోదు కావడానికి కాల్పులు జరగవలసి వచ్చినది. భోపాల్ సభలోనూ ఢిల్లీ పార్లమెంటులోనూ బస్తర్ ప్రధాన చర్చనీయాంశమైనది కూడా ఈ మరణం తరువాతనే.

కాగితాలలో వినిపించే స్వరాలు

ప్రవీర్ చంద్ర జీవితాన్ని పరిశోధించేవారు మూడు రకాల ఆధారాలను పరిశీలించవలసి ఉంటుంది. మొదటిది ప్రభుత్వ దస్త్రాలు. బ్రిటిషు కాలపు సంస్థాన వ్యవహారాలు ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలోను, జిల్లా పరిపాలన కాగితాలు జగదల్‌పూర్ రికార్డు గదిలోను లభిస్తాయి. బస్తర్ చరిత్రపై నందినీ సుందర్ రచించి 1997లో వెలువరించిన గ్రంథం ఈ దస్త్రాలను, గ్రామస్థుల జ్ఞాపకాలను ఒకచోట చేర్చి చదివిన విశిష్ట కృషి. రెండవది ప్రవీర్ చంద్ర స్వీయ రచనలు. ‘ఐ ప్రవీర్ ద ఆదివాసీ గాడ్’ అనే ఆయన ఆంగ్ల గ్రంథం శీర్షికలోనే ఆయన బలం, బలహీనత రెండూ ఉన్నాయి. తనను దేవునిగా కొలిచే ప్రజలను గురించి ఆంగ్లంలో వ్రాసిన ఆ గ్రంథాన్ని ఆ ప్రజలు చదువలేరు. చదువగలిగిన అధికారులు ఆ శీర్షికను చూచి వారి అభిప్రాయాన్ని మరింత గట్టిపరచుకొని ఉంటారు.

మూడవది జనశ్రుతి. 1970వ దశకం తొలి సంవత్సరాలలో బిహారీ దాస్ అనే సాధువు ప్రవీర్ చంద్ర తనలో తిరిగి వచ్చాడని ప్రచారం చేయగా వేలాది ఆదివాసులు అతడిచ్చిన కంఠి ధరించి అనుయాయులయ్యారు. దస్త్రంలో మృతుడైన వ్యక్తి పల్లెలలో మరణించలేదనడానికి ఇది నిదర్శనం. పరిష్కారం కాని అర్జీ మనుషులను ఏ నమ్మకం వైపుకైనా నడిపించగలదని కూడా దీని నుండి గ్రహించవచ్చు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. దస్త్రం అధికారి భయాన్ని చెబుతుంది. గ్రంథం రాజు అభిమానాన్ని చెబుతుంది. జనశ్రుతి ప్రజల ఆశను చెబుతుంది. మూడూ కలిపి చదివినపుడు, ప్రవీర్ చంద్రను దైవంగా గాని ఉన్మాదిగా గాని చిత్రించే రెండు సులభమైన కథనాలూ నిలువవు. అహంకారం, ఔదార్యం, తొందరపాటు, నిజమైన ఆర్తి కలగలసిన ఒక యువకుడు కనిపిస్తాడు. ఆయన చుట్టూ, తమ భాషలో తమ మాట వినే ఒక్క అధికారి కోసం తరతరాలుగా జగదల్‌పూర్‌కు నడిచివచ్చిన జనం కనిపిస్తారు.

అర్జీ చిరునామా

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది. నాటి బస్తర్ జిల్లా నేడు ఏడు జిల్లాలుగా విభజింపబడినది. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు హక్కులు కల్పించినది. 1961లో కాల్పులు జరిగిన లోహండీగూడ ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికై సేకరించి వాడకుండా మిగిలిన భూములను ప్రభుత్వం 2019లో ఆదివాసీ రైతులకు తిరిగి ఇచ్చినది. 2022 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఓరుగల్లులో నిర్వహించిన కాకతీయ వైభవ సప్తాహానికి రాజకుటుంబ వారసుడు కమల్ చంద్ర భంజ్‌దేవ్ అతిథిగా విచ్చేశారు. శిలాశాసనం చెప్పిన వలసకథ ఆ విధంగా ఒకసారి వెనుకకు నడిచి వచ్చినది.

జగదల్‌పూర్‌లో 75 రోజుల దసరా ప్రతి సంవత్సరమూ జరుగుతున్నది. పూర్వం మహారాజు అధిరోహించిన కర్ర రథంపై ఇప్పుడు దంతేశ్వరీ దేవి ఛత్రాన్ని ఉంచి ఊరేగిస్తారు. ఉత్సవం ముగింపులో మురియా దర్బారు సమావేశమవుతుంది. అందులో రాజు స్థానంలో ఇప్పుడు ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యులు, కలెక్టరు కూర్చొని మాంఝీల మాట వింటారు. దారి లేదనో, నీరు లేదనో, అటవీ పట్టా రాలేదనో వారు చెప్పే విషయాలు 1876 నాటి ఫిర్యాదుల కంటె స్వభావంలో ఎంతో భిన్నమైనవి కావు. దర్బారు ముగిసిన మరునాడు ఆ ఫిర్యాదులు కాగితాలై కార్యాలయాలకు చేరుతాయి. అక్కడ వాటికి లభించే సమాధానమే ప్రవీర్ చంద్ర దస్త్రాలను మనం ఎంత శ్రద్ధగా చదివామో తెలిపే గీటురాయి.